ఇంట్లో పెద్దల ఉద్యోగం

పిల్లలూ! మన బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇక్కడ రైల్వే ఉద్యోగం అనగానే మనకు లోకో పైలట్ గుర్తుకొస్తారు. ఆయన మొదటి రోజే ఎక్స్‌ప్రెస్ నడపరు. ముందు అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరతారు. తరువాత గూడ్సు, ఆపైన పాసింజరు, ఆ తరువాతే మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్లు. ఒక్కో మెట్టు ఎక్కడానికి ఏళ్లు పడుతుంది.

కోర్బా గనుల బొగ్గు బండ్లకు రాత్రీ పగలూ ఒకటే. అందుకే డ్యూటీ పిలుపు అర్ధరాత్రి వస్తుంది, నిద్ర పగటికి మారుతుంది.

కీమాన్ రోజూ పట్టాల వెంట కిలోమీటర్ల కొద్దీ నడిచి, వదులైన బిగింపులను సుత్తితో సరిచేస్తారు. ఆ పని బాగా జరిగితే బండి క్షేమంగా వెళ్లిపోతుంది. మెచ్చుకునేవారు ఎవరూ కనిపించరు.

పని మీద గర్వం ఉంటుంది, పండుగనాడు డ్యూటీ పడితే దిగులూ ఉంటుంది. రెండూ నిజమే. బదిలీల మీద ఊళ్లు తిరిగే ఉపాధ్యాయులం మేమూ అంతే: సామాను సర్దడం కష్టం, కొత్త తరగతిలో అడుగుపెట్టడం ఇష్టం.

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని మిమ్మల్ని అందరూ అడుగుతారు. ఈసారి మీరే అమ్మనో నాన్ననో అడగండి: "మీ పనిలో మీకు ఏది ఇష్టం? ఏది కష్టం?" మీరు ఎంచుకోబోయే దారికి ఆ జవాబు పనికొస్తుంది.