మేస్త్రీ కంటితో కుతుబ్‌షాహీ సమాధులు

మాది ఉద్దానం. పలాసలో ఫలక్‌నుమా రైలు ఎక్కి హైదరాబాద్‌కి తాపీ పనికి వచ్చినవాణ్ణి. సెలవు దొరికితే గోల్కొండ పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికే పోతాను.

కుతుబ్‌షాహీ రాజు మహమ్మద్ కులీ సమాధి 1602 నాటిది, ఎత్తు సుమారు 42 మీటర్లు. మరో రెండేళ్లకు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మెడిచీ పాలకులు తమ సమాధి మందిరానికి పునాది వేశారు. అక్కడ గోడల నిండా రంగురాళ్లు. ఇక్కడ రాతి కట్టడం మీద సున్నపు గార. నా మనసు గారదే! గుమ్మటం మొదట్లో విచ్చుకున్న రేకులు చూడండి, ఎంత ఓపికగా దిద్దారో. 2013లో మొదలైన మరమ్మతుల్లో సిమెంటు పూత ఒలిచి మళ్లీ సున్నమే వేశారు. సరైన పని. సిమెంటు పూస్తే పాత గోడలో చెమ్మ బయటికి పోదు.

పైన కనిపించే నల్లరాతి సమాధి గుర్తు మాత్రమే. రాజును పూడ్చింది కింద నేలమాళిగలో. ఈ వంశపు చివరి రాజు, రామదాసు కథలోని తానీషాకు మాత్రం ఇక్కడ చోటు దక్కలేదు. దౌలతాబాద్ కోటలో బందీగానే చనిపోయాడు.

ఈ వంశపు ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు మన శ్రీకాకుళంలోనే ఉంది. ముందు అది చూసి, తర్వాత ఇక్కడికి రండి.