కారు కింద టకటక

పిల్లలూ! మీరు ట్రాక్టరును చూసే ఉంటారు. చాలా ట్రాక్టర్లకు ముందు భాగాన, ఇంజను దగ్గర, ఒక గొట్టం నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంజనులోంచి వచ్చే పొగ దాని గుండా పైకి పోతుంది. ట్రాక్టరు వెనక ఒక కొక్కెం, ఆ కొక్కేనికి తగిలించిన ట్రాలీ ఉంటాయి. పొగగొట్టం ముందున్నది, కొక్కెం వెనకున్నది. అందుచేత వాటికి ఒకదానితో ఒకటి పనీ లేదు, పోట్లాటా లేదు.

కారు సంగతి వేరు. ముందున్న ఇంజను పొగను ముందే వదిలేస్తే అది కారులో కూర్చున్నవారి ముఖాన కొడుతుంది. అందుకని పొగగొట్టాన్ని కారు కిందుగా సాగదీసి, వెనక చివరకు తీసుకుపోతారు. ఇంజను చప్పుడును తగ్గించే సైలెన్సరు అనే డబ్బా కూడా ఆ గొట్టంలోనే ఉంటుంది.

మన దేశంలో కారు వెనక బండి కట్టటం అంతగా కనిపించదు. కాని అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో ఇది మామూలే. అక్కడివాళ్ళు చిన్న పడవనో, డేరా సామానునో, ఇల్లు మారేటప్పుడు మంచాలూ బల్లలనో ట్రెయిలరు మీద వేసి, దాన్ని కారుకే తగిలించి లాక్కుపోతారు. ఆ దేశాలలో మీ బంధువులెవరన్నా ఉంటే అడిగి చూడండి, చెబుతారు.

ట్రెయిలరును తగిలించటానికి కారు వెనక అమర్చే సాధనాన్ని హిచ్ అంటారు. కారు వెనక అడుగున ఒక బలమైన ఉక్కు దూలాన్ని అడ్డంగా పెట్టి, కారు చట్రానికి బోల్టులతో బిగిస్తారు. దాని మధ్య నలుచదరపు గొట్టం ఒకటి ఉంటుంది. అమెరికాలో ఇది ఎక్కువగా 2 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులో దూర్చిన కమ్మీ చివర నున్నని ఉక్కు గుండు ఉంటుంది. ట్రెయిలరు మూతి ఆ గుండు మీద టోపీలాగా కూర్చుంటుంది.

చాలామంది ఈ హిచ్‌ను కారు కొన్న తరవాత విడిగా తెచ్చి బిగించుకుంటారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది! ఆ చోట పొగగొట్టం ముందునుంచే కాపరం ఉంటున్నది. ఇప్పుడు హిచ్ వచ్చి దాని పక్కనే చేరింది. ఒకే వాకిట్లో రెండు కాపరాలు పెట్టినట్లయింది.

ఇప్పుడు మీరే అలాటి కారులో, వెనక సీటులో కూర్చున్నారనుకోండి. సెలవులు వచ్చాయి. ట్రెయిలరు మీద డేరా, వంటసామాను కట్టుకుని, మీరంతా ఒక సరస్సు దగ్గర రెండు రోజులు గడపబోతున్నారు. దారిలో ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది. కింద నుంచి "టక్ టక్ టక్" మని చప్పుడు! వెనక కూర్చున్నది మీరు గనక అది అందరికన్న ముందు మీకే వినిపించింది. మీరు చెప్పగానే మీ నాన్నగారు కారును రోడ్డు పక్కకు తీసి ఆపారు. వంగి చూశారు.

"ఓస్, ఇంతేనా! పొగగొట్టం హిచ్‌కు తగులుతున్నది. ఒక తీగె పెట్టి గట్టిగా బిగించి కట్టేస్తే సరి!" అన్నారాయన.

మీరేమంటారు? కట్టేస్తే సరిపోతుందా? జవాబు చెప్పే ముందు, అసలు ఆ గొట్టం ఎందుకు కదులుతుందో తెలుసుకోవాలి.

మొదటి కారణం ఇంజను. ఇంజనులోని సిలిండర్లలో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి భగ్గున మండుతాయి. కారులో సామాన్యంగా ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజనులో, ఇరుసు రెండుసార్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరులో ఒకసారి మంట పుడుతుంది. సిలిండర్లు నాలుగు ఉంటే, ఇరుసు ఒకసారి తిరిగేసరికి రెండు మంటలన్నమాట. కారు నిలబడి ఉండగా ఇరుసు నిమిషానికి 800 సార్లు తిరుగుతున్నదనుకుంటే, నిమిషానికి 1600 మంటలు! అంటే సెకనుకు దాదాపు 27. ప్రతి మంట తరవాతా వేడి వాయువు ఒక తోపుతో గొట్టంలోకి వస్తుంది. గొట్టం వణకక ఏం చేస్తుంది?

రెండవ కారణం ఇంజను ఊగటం. ఇంజనును కారు చట్రానికి నేరుగా బిగించరు. రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. కారు బయలుదేరేటప్పుడూ, వెనక్కు నడిచేటప్పుడూ ఇంజను ఒక పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంటుంది. పొగగొట్టం మొదలు ఇంజనుకే అతికి ఉన్నది గనక, మొదలు కాస్త ఊగితే చివర ఇంకా ఎక్కువ ఊగుతుంది.

మూడవ కారణం వేడి. ఇనుము వేడెక్కితే సాగుతుందని మీకు తెలుసు. బండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు కమ్మరి ఏం చేస్తాడు? పట్టాను ఎర్రగా కాలుస్తాడు. అది సాగి, చక్రం మీదికి సులువుగా దిగుతుంది. నీళ్ళు పోయగానే ముడుచుకుని కొయ్యను గట్టిగా పట్టుకుంటుంది. పొగగొట్టానికి కూడా అదే ధర్మం. ఒక మీటరు ఉక్కు కమ్మీ 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. కారు కింద గొట్టం పొడుగు 3 మీటర్లని, అది సగటున 200 డిగ్రీలు వేడెక్కిందని అనుకోండి. లెక్క వేస్తే 7 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది! ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు తగలని గొట్టం పది మైళ్ళు పోయాక తగలటంలో వింత లేదు.

ఇలా వణికే, ఊగే, సాగే గొట్టాన్ని కారుకు ఎలా అమర్చాలి? ఇంజనీర్లు దానికి చక్కని ఉపాయం కనిపెట్టారు. గొట్టాన్ని రబ్బరు హ్యాంగర్లతో కారు అడుగున వేలాడదీశారు. ఉయ్యాలను గొలుసులతో వేలాడదీసినట్టే ఇదీ. మామూలు పచ్చి రబ్బరు ఇందుకు పనికిరాదు. అది ఎండకు జిగురై, చలికి బిరుసెక్కుతుంది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ లోపం పోతుందని 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. 1844లో ఆయనకు దానిమీద పేటెంటు లభించింది. రబ్బరును ఈనాడు ఇన్ని యంత్రాలలో వాడగలుగుతున్నామంటే ఆ పద్ధతే కారణం.

రబ్బరు చేసే పనిని మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక స్టీలు గరిటెను సన్నని తీగెతో కుర్చీ వీపు కమ్మీకి వేలాడదీయండి. చెవిని కుర్చీ కొయ్యకు ఆనించి, గరిటెను చెంచాతో కొట్టండి. "ఠంగ్" మని బాగా వినిపిస్తుంది. ఇప్పుడు తీగెను తీసేసి, రబ్బరు బ్యాండుతో వేలాడదీసి కొట్టండి. చెవికి చేరే శబ్దం చాలా తగ్గిపోతుంది. వణుకును రబ్బరు మింగేసింది! ఇక మూడవ పని చెయ్యండి. రబ్బరుకు వేలాడుతున్న గరిటెను కుర్చీ కాలికి దగ్గరగా జరిపి, కొంచెం ఊపండి. అది పోయి కాలికి కొట్టుకుంటుంది. ఇక రబ్బరు ఉండీ లాభం లేదు.

దీన్నిబట్టి తేలిందేమిటి? రబ్బరు వణుకును మింగుతుంది, కాని గొట్టం ఊగటానికి దాని చుట్టూ తావు ఉండాలి. తావు లేని చోట రబ్బరు ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు మీ నాన్నగారి తీగె సంగతి చూడండి. గొట్టాన్ని తీగెతో బిగించి కడితే టకటక ఆగిపోవచ్చు. కాని దాని వణుకంతా తీగె గుండా కారుకు ఎక్కి, లోపల "గుమ్" మని హోరు పుడుతుంది. ఇంజను ఊగుతూనే ఉంటుంది. గొట్టం చివర కదలదు. అప్పుడు మధ్యలో ఉన్న అతుకులమీద ఒత్తిడి పడి, అవి కొన్నాళ్ళకు పగులుతాయి. గొట్టానికీ హిచ్‌కూ మధ్య కొయ్యముక్కను దూర్చటం ఇంకా తప్పు. గొట్టం వేడికి అది కాలిపోవచ్చు. తగులుతున్నది గదా అని హిచ్‌ను కొయ్యటం, అరగదీయటం అన్నిటికన్న అపాయం. ట్రెయిలరు బరువంతా లాగేది ఆ ఉక్కే!

"పోనీ, కొట్టుకుంటే కొట్టుకోనీ, చప్పుడే గదా!" అని ఎవరన్నా అనవచ్చు. అది చప్పుడుతో పోయే సంగతి కాదు. రోజూ దెబ్బలు తినే గొట్టం చివరకు అరుగుతుంది, చిల్లు పడుతుంది. ఆ గొట్టంలో పోయే పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునేదానికన్న 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటెక్కడిది? తల నొప్పి, కళ్ళు తిరగటం, వాంతి వచ్చినట్టుండటం, మత్తు — ఇవీ దాని గుర్తులు. కారులో ఎవరికన్నా ఇలా అనిపిస్తే వెంటనే కారు ఆపి, అందరూ ఆరుబయటికి వచ్చి, వైద్యుడి సాయం పొందాలి. ఈనాటి కార్లలో ఈ విషాన్ని చాలా భాగం మార్చివేసే సాధనం ఉన్న మాట నిజమే. కాని అది విషాన్నంతా పోగొట్టలేదు గదా!

మరి ఏం చెయ్యాలి? ఇక్కడే మీ చెవులూ కళ్ళూ పనికివస్తాయి. మెకానిక్కు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఆ చప్పుడు ఎప్పుడు వస్తున్నది?" అని. ఒక కాగితం మీద రాసి పెట్టండి. గతుకుల మీద మాత్రమే వస్తుంటే, ఏదో రబ్బరు హ్యాంగరు తెగి ఉండవచ్చు. కారు బయలుదేరేటప్పుడూ, వెనక్కు పోయేటప్పుడూ వస్తుంటే, ఇంజను కింద ఉన్న రబ్బరు దిమ్మెను అనుమానించాలి. ఇంజను వేడెక్కిన తరవాతనే వస్తుంటే, గొట్టం సాగి తగులుతున్నదన్నమాట. ఒకానొక వేగంలో మాత్రమే వచ్చి, వేగం మారితే ఆగిపోతుంటే, ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. సరిగా దాని లయకు తగినట్టు తోస్తేనే ఉయ్యాల బాగా ఊగుతుంది. గొట్టానికి కూడా సొంత లయ ఉంటుంది. ఇంజను తోపులు ఆ లయతో కలిసినప్పుడు గొట్టం ఎక్కువగా ఊగుతుంది.

తగిలే చోటు కనుక్కోవటానికి సులువైన మార్గం ఉన్నది. కారు చల్లారి ఉండగా పెద్దవారు హిచ్ మీద సుద్దముక్కతో రాస్తారు. కొంత దూరం నడిపి, మళ్ళీ చల్లారాక చూస్తే, సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే దెబ్బ తగులుతున్నట్టు లెక్క.

ఇక వైద్యం. హిచ్‌ను బిగించేటప్పుడు చోటు కోసం పొగగొట్టాన్ని హ్యాంగర్ల నుంచి విడదీసి, కిందికి దించటం తరుచు జరుగుతుంది. మళ్ళీ తగిలించేటప్పుడు ఒక హ్యాంగరును మరిచిపోయినా, గొట్టం కాస్త మెలి తిరిగినా అది ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుచేత మెకానిక్కు ముందు హ్యాంగర్లన్నీ చూస్తాడు. తెగినవాటికి, సాగిపోయినవాటికి బదులు కొత్తవి వేస్తాడు. తరవాత గొట్టం అతుకుల దగ్గర బోల్టులను వదులుచేసి, గొట్టాన్ని హిచ్‌కు ఎడంగా తిప్పి, మళ్ళీ బిగిస్తాడు. హిచ్ బోల్టులు వదులయినాయేమో కూడా చూస్తాడు. చివర గొట్టానికీ హిచ్‌కూ మధ్య ఒక అంగుళం దాకా తావుంటే మేలు. గొట్టాన్ని నలుపక్కలా ఊపి, ఎటూ తగలదని తెలిశాకనే పని ముగిసినట్టు.

ఒక్క మాట. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరరాదు. జాకీ జారితే ప్రాణాపాయం. గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. వేడిగా ఉన్న పొగగొట్టాన్ని మీరు ముట్టుకోనేకూడదు. ఈ పని పెద్దవారిది. మీ పని వినటం, చూడటం, చెప్పటం.

మరి మన ప్రయాణం ఏమైంది? గొట్టం ఊడి వేలాడుతుంటే గాని, ఇంజను మోత హఠాత్తుగా పెరిగిపోతే గాని ముందుకు పోకూడదు. మెకానిక్కునే అక్కడికి పిలిపించాలి. అదృష్టవశాత్తూ అలా జరగలేదు. మీ నాన్నగారు తీగెను లోపల పడేసి, వెనక తలుపు బాగా మూసి ఉన్నదో లేదో చూసి, కారును మెల్లగా దగ్గిరి గ్యారేజికి పోనిచ్చారు. వెనక తలుపు తెరిచి పోతే పొగ కారు లోపలికే లాక్కుంటుంది!

గ్యారేజిలో తెగిన హ్యాంగరు ఒకటి బయటపడింది. అరచేతిలో పట్టేంత రబ్బరు ముక్క. కొత్తది వేశారు. సాయంత్రానికి మీరు సరస్సు గట్టున డేరా వేసుకుని కూర్చున్నారు. ఆ చప్పుడు విని కూడా మీరు ఊరుకుని ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి. ఇక మీదట ఏ యంత్రమైనా కొత్తగా చప్పుడు చేస్తే, దాని నోరు నొక్కాలని చూడకండి. అదేం చెబుతున్నదో వినండి.