మీ పార్సిల్ ఎక్కడ ఆగింది? మంచు కాలంలో ట్రాకింగ్ పేజీ చెప్పని సంగతులు

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు. "అన్నా, ఆర్డర్ పెట్టి పది రోజులైంది, పార్సిల్ కెంటకీ దగ్గరే కూర్చుంది. మా ఊళ్ళో చూస్తే ఎండ కాస్తోంది. వీళ్ళు అబద్ధం చెప్తున్నారా?" అని. ఇలా అడిగేవాళ్ళలో డల్లాస్ వాళ్ళున్నారు, ఫీనిక్స్ వాళ్ళున్నారు. మంచు అంటే ఫొటోల్లో చూడటమే తప్ప ఇంటి ముందు చూడని వాళ్ళు కూడా "వాతావరణం వల్ల ఆలస్యం" అన్న మాట చదివి తిట్టుకుంటున్నారు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో పార్సిల్ ఎందుకు ఆగుతుంది, ట్రాకింగ్ పేజీలో రాసినదానికి అసలు అర్థం ఏంటి, అందులో మన చేతిలో ఉన్నదెంత.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మీ పార్సిల్‌ని ఆపే మంచు చాలాసార్లు మీ ఊరి మంచు కాదు.

మనం ఏమనుకుంటాం? సియాటెల్‌లో ఎక్కిన పెట్టె తిన్నగా అట్లాంటా వచ్చేస్తుంది అనుకుంటాం. అలా రాదు. విమానంలో వచ్చే పార్సిళ్ళలో చాలా భాగం రాత్రిపూట ఒక పెద్ద కేంద్రానికి చేరతాయి, అక్కడ ఊరి వారీగా విడిపోతాయి, తెల్లారేలోపు మళ్ళీ విమానం ఎక్కుతాయి. ఫెడెక్స్‌కి అలాంటి కేంద్రం టెనెసీలోని మెంఫిస్. 1973 ఏప్రిల్ 17 రాత్రి వాళ్ళు పని మొదలుపెట్టినప్పుడు 14 చిన్న విమానాలు, 25 ఊళ్ళు, మొత్తం 186 పార్సిళ్ళు. అంతే. యూపీఎస్‌కి కెంటకీలోని లూయీవిల్. అక్కడ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న వరల్డ్‌పోర్ట్ అనే కేంద్రం గంటకి 4 లక్షలకు పైగా పార్సిళ్ళని విడదీయగలదు. మీ మెసేజ్‌లో ఉన్న "కెంటకీ" ఇదే.

మన విజయవాడ జంక్షన్‌ని తలుచుకోండి. అక్కడ రెండు గంటలు లైన్ పోతే చెన్నై వెళ్ళే బండీ ఆగుతుంది, విశాఖ వెళ్ళే బండీ ఆగుతుంది, హైదరాబాద్ వెళ్ళే బండీ ఆగుతుంది. విశాఖలో వాన చుక్క పడకపోయినా అక్కడ స్టేషన్‌లో జనం నిలబడి ఉంటారు. ఇదీ అంతే.

2022 డిసెంబర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. క్రిస్మస్‌కి రెండు మూడు రోజుల ముందు ఆర్కిటిక్ చలిగాలి దేశం మధ్యభాగం మీదుగా దిగి మెంఫిస్‌నీ, లూయీవిల్‌నీ కూడా కమ్మేసింది. హబ్బుల్లో పనికి అంతరాయం కలిగింది, ఆలస్యాలు ఉంటాయి అని రెండు కంపెనీలూ ప్రకటించాయి. పండక్కి చేరాల్సిన వస్తువులు దేశమంతా ఆగిపోయాయి.

విమానం మంచులో ఎగరలేదా అంటే ఎగురుతుంది. కానీ రెక్క మీద ఐస్ ఉంటే ఎగరకూడదు. పలచటి పొర పేరుకున్నా రెక్క ఆకారం మారిపోయి, విమానాన్ని పైకి లేపే శక్తి తగ్గిపోతుంది. అందుకని ముందు వేడి చేసిన గ్లైకాల్ ద్రవం కొట్టి ఐస్ కరిగిస్తారు. అది నారింజ రంగులో ఉంటుంది. మళ్ళీ ఐస్ పట్టకుండా దానిపైన ఆకుపచ్చగా, చిక్కగా ఉండే ఇంకో ద్రవం కొడతారు. ఆ రెండోదానికి గడువు ఉంటుంది. రన్‌వే మీద వరుస కదలక గడువు దాటిందా, వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టించుకోవాలి. ఈలోపు రాత్రి అయిపోతుంది. అర్ధరాత్రి విడదీసే పని అందుకోలేకపోయిన పార్సిల్ గంట ఆలస్యంగా వెళ్ళదు, మరుసటి రాత్రి దాకా కూర్చుంటుంది. మా ఊరికి రాత్రి పదిన్నరకి ఆఖరి బస్సు ఉండేది. అయిదు నిమిషాలు లేటుగా వెళ్తే అయిదు నిమిషాలు లేటవ్వదు కదా, తెల్లారేదాకా బస్టాండులోనే.

రోడ్డు మీద వచ్చే పార్సిళ్ళ గొడవ వేరు. వయోమింగ్‌లో ఐ-80 అనే హైవే ఉంది. తూర్పు పడమరల మధ్య నడిచే లారీలకి అదే పెద్ద దారి. చలికాలంలో గాలికీ మంచుకీ దాన్ని మూసేస్తూ ఉంటారు. మూసిన రోడ్డు నాలుగు గంటల్లో తెరిచారనుకోండి, లారీ వెంటనే బయలుదేరుతుందా? చెప్పలేం. అక్కడి చట్టం ప్రకారం సరుకు లారీ డ్రైవర్ డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి 14 గంటల్లోపు, అందులోనూ 11 గంటలే బండి నడపాలి. ఆ తర్వాత 10 గంటలు విశ్రాంతి. అనుకోకుండా వాతావరణం పాడైతే ఇంకో 2 గంటలు మినహాయింపు ఇస్తారు, అంతే. రోడ్డు మీద ఇరుక్కుపోయిన సేపు కూడా ఆ 14 గంటల్లో కలిసిపోతుంది. రోడ్డు తెరిచేసరికి చాలామంది డ్రైవర్ల టైమ్ అయిపోయి ఉంటుంది. ఈ రూల్ మంచిదే. నిద్ర లేని మనిషి ఐస్ మీద లారీ తోలుతూ మన కారు పక్కనుంచి పోవడం మనకెవరికీ వద్దు.

సరే, తుఫాను రెండు రోజుల్లో పోయింది. మరి ఆలస్యం పదిహేను రోజులు ఎందుకు? మనకి ఒళ్ళు మండేది ఇక్కడే. దీనికి ఒక ఊహాలెక్క చెప్తాను. ఒక డిపోకి రోజూ 10,000 పార్సిళ్ళు వస్తాయనుకుందాం. కష్టపడితే రోజుకి 11,000 పంచగలరు. రెండు రోజులు మూతపడింది. 20,000 పేరుకున్నాయి. మూడో రోజు తెరిచాక కొత్తవి 10,000 వస్తూనే ఉంటాయి కదా, పాతవాటిలో రోజుకి తగ్గేది 1,000 మాత్రమే. అంటే పాత కుప్ప మొత్తం కరగడానికి 20 రోజులు! నిజంగా అయితే ఓవర్‌టైమ్ చేయిస్తారు, తాత్కాలిక మనుషుల్ని పెడతారు, ఆదివారాలు కూడా నడుపుతారు. అందుకే 20 కాస్తా ఏ పదికో తగ్గుతుంది. మార్చిలో అయితే ఇదే డిపోకి రోజుకి 7,000 వస్తాయనుకోండి, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. మంచు ఒక్కటే అయితే ఇంత కష్టం ఉండదు. నెట్‌వర్క్ ఊపిరి సలపకుండా నడిచే వారంలోనే మంచు వచ్చి పడటం వల్ల కష్టం.

2013లో ఇది బాగా బయటపడింది. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ నవంబర్ 28న వచ్చింది, అంతకంటే ఆలస్యంగా రావడానికి వీల్లేదు. దాంతో క్రిస్మస్ షాపింగ్ రోజులు తగ్గాయి. డిసెంబర్ మొదట్లో ఐస్ తుఫాను దెబ్బ తగిలింది. జనం ఆఖరి నిమిషంలో ఆన్‌లైన్‌లో విరగబడి కొన్నారు. గాలి ద్వారా వచ్చే పార్సిళ్ళు మా సామర్థ్యాన్ని మించిపోయాయి అని యూపీఎస్ ఒప్పుకుంది. అమెజాన్ కొంతమందికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డులు ఇచ్చి సముదాయించింది.

ఇంకో విచిత్రం. 20న కొన్నది ముందు రావడం, 15న కొన్నది ఇంకా రాకపోవడం. కుప్పలో పాతది అడుగున ఉండిపోతుంది. డిపో ఆవరణలో వరసగా నిలబెట్టిన ట్రైలర్లలో మీది ఏ మూల ఇరుక్కుందో, దాని ముందు ఎంత మంచు ఉందో ఎవరికి తెలుసు?

ఇక ట్రాకింగ్ పేజీ. మనం దాన్ని స్విగ్గీ మ్యాప్‌లాగా చూస్తాం, బైక్ బొమ్మ కదులుతున్నట్టు. కాదు. అది ఆఖరిసారి ఎవరో బార్‌కోడ్ మీద స్కానర్ పెట్టిన సంగతి మాత్రమే చెప్తుంది. ట్రైలర్ లోపలికి వెళ్ళి తలుపు మూశాక, మళ్ళీ తీసేవరకూ పేజీ మారదు. మూడు రోజులు కదల్లేదంటే పోయింది అని కాదు, మూడు రోజులుగా ఎవరూ దాన్ని స్కాన్ చేయలేదు అని. "లేబుల్ తయారైంది" అంటే అమ్మినవాడు స్టిక్కర్ ప్రింట్ చేశాడు, అంతవరకే. వస్తువు ఇంకా వాడి గోడౌన్‌లోనే ఉండొచ్చు. "డెలివరీకి బయలుదేరింది" అంటే పొద్దున వ్యాన్‌కి ఎక్కించారు అని. వ్యాన్ గేటు దాటిందో లేదో ఆ మాటలో ఉండదు.

ఇది నాకు బఫెలోలో బాగా తెలిసొచ్చింది. 2022లో నేను అక్కడే చదువుతున్నా. మంచు బూట్లు ఆర్డర్ పెట్టాను, డిసెంబర్ 19న. 23 ఉదయం పేజీలో "డెలివరీకి బయలుదేరింది" అని వచ్చింది. అదే ఉదయం కౌంటీ అంతా బండ్లు నడపకూడదని నిషేధం పెట్టారు. 30 గంటలకు పైగా కిటికీలోంచి ఎదురిల్లు కనపడలేదు. ఫైరింజన్లు, అంబులెన్సులు కూడా మంచులో ఇరుక్కుపోయాయి. ఆ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలోనే. విమానాశ్రయం 28 దాకా తెరవలేదు. సిటీలో నిషేధం 29న ఎత్తేశారు. అలాంటి రోజుల్లో ఏ డ్రైవరూ నా బూట్ల కోసం రాకూడదు, వచ్చినా నేను ఒప్పుకోను. నా కోపం దాని మీద కాదు. ఆ కొరియర్ వాళ్ళ పేజీ ఆ అన్ని రోజులూ "రేపు వస్తుంది" అనే చెప్పింది. 24న రేపు. 26న రేపు. 27న రేపు. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు చూడండి, అలా ఉంది వాళ్ళ వరస. బూట్లు జనవరి 4న వచ్చాయి. "ఎప్పుడొస్తుందో చెప్పలేం" అని ఒక్క ముక్క రాసుంటే, రోడ్లు తెరిచిన రోజే కొట్టుకెళ్ళి కొనుక్కునేవాణ్ణి. ఆ రేపు అనే తేదీ ఎవరో మనిషి ఆలోచించి రాసేది కాదు, కంప్యూటర్ లెక్కకట్టి పెట్టేది. అందుకే తుఫాను వారంలో ఆ తేదీని నేను పట్టించుకోను. చివరి స్కాన్ ఎప్పుడు, ఏ ఊళ్ళో, ఆ ఊళ్ళో వాతావరణం ఎలా ఉంది, ఈ మూడే చూస్తాను.

బూట్లు ఆలస్యమైతే కాళ్ళు తడుస్తాయి. అంతకంటే పెద్దవి ఉన్నాయి. డిసెంబర్‌లో ఎంఎస్ అయిపోయేవాళ్ళు చాలామంది ఈఏడీ కార్డు కోసం ఎదురుచూస్తుంటారు. అది పోస్టులోనే వస్తుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులు. ఆ లెక్క కార్డు మీదున్న ప్రారంభ తేదీ నుంచి నడుస్తుంది, కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదు. అదే నెలలో లీజు అయిపోయి రూమ్ కూడా మారతారు. పాత అడ్రస్‌కి వెళ్ళిన కార్డు కొత్త అడ్రస్‌కి దానంతట అది రాదు, యూఎస్‌సీఐఎస్‌కే తిరిగి వెళ్ళిపోతుంది. కాబట్టి రూమ్ మారేవాళ్ళు యూఎస్‌సీఐఎస్‌లో అడ్రస్ వెంటనే మార్చండి, కాలేజీకి కూడా చెప్పండి. పోస్టల్ సర్వీస్ వాళ్ళ ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ ఉచితం. మీ పేరున వచ్చే ఉత్తరాల ఫొటోలు పొద్దునే ఫోన్‌కి వస్తాయి.

పోస్టులో మందులు తెప్పించుకునేవాళ్ళు ఈ నెలలో రీఫిల్ ముందే పెట్టుకోండి. ముఖ్యంగా ఇన్సులిన్. అది గడ్డకట్టిందంటే కరిగాక కూడా వాడకూడదు. పెట్టె రాత్రంతా చలిలో ఉందని అనుమానం వస్తే ఫార్మసీకి ఫోన్ చేయండి.

డబ్బు సంగతి. వాతావరణం వల్ల ఆలస్యమైతే కొరియర్ కంపెనీలు సాధారణంగా రీఫండ్ ఇవ్వవు, వాళ్ళ షరతుల్లోనే ఉంటుంది. వాళ్ళ కస్టమర్ కేర్‌తో గంట మాట్లాడటం కంటే అమ్మినవాణ్ణి అడగడం మేలు. మీరు డబ్బు కట్టింది వాడికి. వస్తువు అసలు రాకపోతే, క్రెడిట్ కార్డు మీద కొన్నదైతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఊరుకోవద్దు. ఇంకోటి, మెట్ల మీద ఐస్ తీయకపోతే డ్రైవర్ పార్సిల్ ఇవ్వకుండా వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళిపోతే అతన్ని తిట్టకండి, పార పట్టుకోండి.

చివరగా, ఈ చిరాకునే పెట్టుబడిగా పెట్టుకుని బతికే దొంగలు ఉన్నారు. "మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిగా లేదు, ఈ లింక్‌లో చిన్న ఫీజు కట్టండి" అని మెసేజ్ వస్తుంది. పది రోజులుగా ఎదురుచూస్తున్నవాడు టక్కున నొక్కేస్తాడు. మీరు అడగకుండా పోస్టల్ సర్వీస్ లింక్ పంపదు. ట్రాకింగ్ నంబర్‌ని మీరే వాళ్ళ వెబ్‌సైట్‌లో టైప్ చేసి చూసుకోండి, ఆ మెసేజ్‌ని 7726కి ఫార్వర్డ్ చేయండి. ఇండియాలో కూడా ఇండియా పోస్ట్ పేరుతో ఇవే మెసేజ్‌లు తిరుగుతున్నాయి. సంక్రాంతికి మీకు అరిసెలు పంపి, అందాయో లేదో అని రోజూ ఫోన్ చూసుకునే అమ్మ ఆ లింక్ నొక్కే ప్రమాదం మీకంటే ఎక్కువ. డబ్బు పోతే అక్కడ వెంటనే చేయాల్సిన నంబర్ 1930. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ నంబర్ సేవ్ చేయించండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.