ఇంటి మరమ్మతుల్లో ఖరీదైన వాచీ ఎలా పాడవుతుంది

ఇల్లు బాగుచేసుకునే పనిలో చేతి వాచీకి ఐదు రకాలుగా నష్టం జరుగుతుంది: గీతలు పడతాయి, దెబ్బ తగులుతుంది, అయస్కాంతం పడుతుంది, రసాయనాలు తాకుతాయి, నీళ్లు దిగుతాయి. వాచీ చేతికి ఉండగానే కరెంటు పనికి దిగితే ఆ నష్టం మనిషికీ తగులుతుంది. వాచీ ఎంత ఖరీదైతే అంత గట్టిదని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ధర పెరిగేకొద్దీ అద్దం గట్టిపడుతుంది, నీళ్లు దిగకుండా చేసే కట్టుదిట్టాలూ పెరుగుతాయి. లోపలి యంత్రం మాత్రం తరచుగా మరింత సున్నితమవుతుంది. రెండు వేల రూపాయల బ్యాటరీ వాచీ తట్టుకున్న దెబ్బకే లక్షలు పోసి కొన్న కీ వాచీ ఆగిపోవచ్చు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లలో మంచి వాచీ పెళ్లి కానుకగానో, విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిందిగానో, పెద్దల నుంచి వచ్చిందిగానో ఉంటుంది. వెనకటి తరంలో అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు పెట్టే వాచీ అంటే హెచ్‌ఎంటీయే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో వాచీలు చేసింది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఆ పాత కీ వాచీల్లో చాలావాటికి ప్లాస్టిక్ లాంటి ఆక్రిలిక్ అద్దం ఉండేది. గీత పడితే పేస్టుతో రుద్దితే పోయేది, పగిలినా తక్కువ ఖర్చుతో మార్చేవారు. అందుకే వాచీ చేతికి ఉండగానే గోడకు మేకు కొట్టడం, బావి మోటరు విప్పడం అలవాటుగా సాగింది. నేటి ఖరీదైన వాచీకి ఆ అలవాటు సరిపడదు.

రాయి, దుమ్ము, అద్దం

ఈ రెండు జిల్లాల నేలలో ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలలు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న భువనగిరి ఏకశిల, దేవరకొండ, కోయిలకొండ కోటలున్న గుట్టలు అందరూ చూసినవే. ఇళ్లు కట్టేదీ ఈ రాతితోనే. కంకర, పునాది రాయి, వంటింటి గట్టు మీది పలక, క్రషర్లలో రాయిని పొడిచేసి తీసే రోబో ఇసుక అన్నీ దాని రూపాలే. గోడకు డ్రిల్లుతో బొక్క పెట్టినా, పాత గచ్చు పగలగొట్టినా లేచే దుమ్ములో ఈ రాతి రేణువులు ఉంటాయి.

ఏ వస్తువు దేన్ని గీస్తుందో తెలుసుకోవడానికి జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మోస్ 1812లో ఒక కొలమానం తయారుచేశాడు. అందులో అన్నిటికంటే మెత్తని టాల్క్‌కు 1, అన్నిటికంటే గట్టి వజ్రానికి 10. బంగారం 3 లోపే ఉంటుంది. మామూలు గాజు ఐదున్నర దగ్గర ఉంటుంది. గ్రానైటులో ప్రధానంగా ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. ఖరీదైన వాచీలకు వేసే సఫైర్ అద్దం 9. అంటే రాతి దుమ్ము బంగారు కేసును, స్టీలు చైనును, మామూలు గాజును గీస్తుంది గానీ సఫైర్ అద్దాన్ని గీయలేదు.

ఇది విని సఫైర్ అద్దానికి ఏమీ కాదనుకుంటే పొరపాటు. గ్రానైటు గీయలేని అద్దాన్ని గ్రానైటును కోసే పనిముట్లు గీస్తాయి. సఫైర్ అద్దం అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. గ్రైండర్ చక్రాల్లో, చాలా రకాల ఉప్పు కాగితాల్లో ఉండే గరుకు రేణువులూ అదే పదార్థం. లప్పం పట్టిన గోడను రుద్దే వాటర్ పేపరులో సాధారణంగా సిలికాన్ కార్బైడ్ ఉంటుంది, అది అంతకంటే గట్టిది. టైల్సు, గ్రానైటు పలకలు కోసే బ్లేడు అంచున వజ్రపు రేణువులే ఉంటాయి. ఇనుప గేటు కోసేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలు నిజానికి కాలిన ఉక్కు తునకలు. అవి మామూలు గాజు మీద పడి అతుక్కుంటే చిన్న గుంటలు మిగులుతాయి.

గట్టిదనం వేరు, పగలకుండా నిలవడం వేరు. సఫైర్ గీత పడకుండా నిలుస్తుంది గానీ, అంచున దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, పగులుతుంది. వాచీ అంచు చుట్టూ ఉండే సిరామిక్ వలయమూ అంతే. కొన్ని వాచీల అద్దానికి వెలుగు మెరుపు తగ్గించే పూత పైవైపు కూడా ఉంటుంది. ఆ పూత అద్దమంత గట్టిది కాదు. అద్దం గీసుకుపోయిందని కంగారు పడితే, గీత పూతకే పరిమితమై ఉండే అవకాశం ఉంది.

చైను కీళ్లలోకి దూరిన దుమ్ము చెమటతో కలిసి కీలు కదిలినప్పుడల్లా అరుగుదల తెస్తుంది. కొంతకాలానికి పిన్నులు అరిగి చైను వదులవుతుంది. కీ చుట్టూ చేరిన దుమ్ము లోపలి రబ్బరు వాషరును నలుపుతుంది. ఆ వాషరు దెబ్బతింటే నీళ్లకు దారి ఏర్పడుతుంది.

దెబ్బ, అదురు

కీ వాచీ గుండె బ్యాలెన్స్ చక్రం. నేటి వాచీల్లో చాలావరకు అది గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు ఊగుతుంది. ఆ చక్రం తిరిగే ఇరుసు కొన మందం సుమారు 0.1 మిల్లీమీటరు. వాచీ కింద పడితే ముందు విరిగేది, వంగేది ఆ కొనే. దాన్ని కాపాడడానికి ఇరుసు కూర్చునే రత్నాన్ని చిన్న స్ప్రింగు మీద నిలిపే ఇన్‌కాబ్లాక్ వంటి ఏర్పాట్లు 1930 దశకంలో వచ్చాయి. దెబ్బకు తట్టుకుంటుందని చెప్పే వాచీలకు ఐఎస్ఓ 1413 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క మీద పడితే తగిలే దెబ్బకు అది సమానం. మన ఇళ్లలో నేల చెక్క కాదు. గ్రానైటు, షాబాదు బండ, టైల్సు మీద పడితే దెబ్బ తీవ్రత పెరుగుతుంది. నిచ్చెన మీద ఉన్న మనిషి చేతి నుంచి జారితే ఎత్తు కూడా మీటరు దాటుతుంది.

ఆ ప్రమాణం ఎప్పుడో ఒకసారి తగిలే దెబ్బను దృష్టిలో పెట్టుకున్నది. హ్యామర్ డ్రిల్లు నిమిషానికి వేల దెబ్బలు వేస్తూ మణికట్టును అదురుస్తుంది. ఆ అదురుకు చిన్న మరలు వదులవుతాయి, చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును చుట్టే రోటరు మర సడలుతుంది. సుత్తి పట్టిన చేతికి వాచీ ఉన్నా ఇదే ప్రమాదం.

చేతి నుంచి తీసిన వాచీ కూడా పని జరిగే చోటే ఉంటే పడిపోతుంది. కిటికీ గట్టు, నిచ్చెన మెట్టు, సింకు అంచు, పిట్టగోడ వంటివి దానికి చోట్లు కావు. చొక్కా జేబులో వేసుకుంటే వంగినప్పుడు జారిపోతుంది. సుతారి పని మొదలయ్యే ముందే వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేయడం మేలు.

అయస్కాంతం

బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే హెయిర్ స్ప్రింగు వెంట్రుక లాంటి లోహపు చుట్ట. దానికి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేసి వాచీ ముందుకు పరుగెడుతుంది. బయటికి ఏ గుర్తూ కనిపించదు, రోజుకు కొన్ని నిమిషాలు ముందు ఉంటుంది, అంతే. స్క్రూలు పట్టి ఉంచే అయస్కాంతపు బిట్లు, మరలు వేసే అయస్కాంతపు పళ్లేలు, స్పీకర్లు, మోటర్లు దీనికి కారణాలు. అయస్కాంత బలం దూరంతో త్వరగా తగ్గుతుంది కాబట్టి అసలు ప్రమాదం దగ్గరగా ఉంచినప్పుడే.

ఐఎస్ఓ 764 ప్రమాణం ప్రకారం అయస్కాంతాన్ని తట్టుకునే వాచీ మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రంలో నిలవాలి. అది సుమారు 60 గాస్. రోలెక్స్ 1950లలో మిల్‌గాస్ అనే వాచీని వెయ్యి గాస్‌లను తట్టుకునేలా చేసింది. ఇప్పుడు సిలికాన్ హెయిర్ స్ప్రింగులున్న వాచీలకు ఈ బెడద చాలా తగ్గింది. బ్యాటరీ వాచీ అయస్కాంతం దగ్గర ఆగినా దూరం తీస్తే సాధారణంగా మళ్లీ నడుస్తుంది. కీ వాచీకి పట్టిన అయస్కాంతం దానంతట అది పోదు. అయితే డీమ్యాగ్నెటైజరుతో తీయడం రిపేరు చేసేవారికి నిమిషాల పని. ఐదు రకాల నష్టాల్లో తేలిగ్గా, చౌకగా బాగయ్యేది ఇదొక్కటే.

సున్నం, సిమెంటు, యాసిడ్, నీళ్లు

పండక్కో పెళ్లికో ఇంటికి సున్నం వేస్తారు. సున్నం, తడి సిమెంటు రెండూ క్షారాలు. అవి బంగారాన్ని ఏమీ చేయవు గానీ తోలు బెల్టును ఎండగొట్టి పెళుసు చేస్తాయి. అల్యూమినియం వలయం ఉంటే దాని రంగు పూతను తింటాయి. సిమెంటు చైను కీళ్లలో గట్టిపడితే తీయడం కష్టం.

టైల్సు కడగడానికి వాడే యాసిడ్ ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి కూడా స్టీలుకు తుప్పు గుంటలు తెస్తుంది. తొట్టి, సంపు కడిగే బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ కూడా స్టీలుకు పడదు. పెయింటు కలిపే థిన్నరు రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది, ఆక్రిలిక్ అద్దాన్ని మసకబారుస్తుంది. సూపర్ గ్లూ అంటుకోకపోయినా దాని ఆవిరి తెల్లటి పొరలా పేరుకుంటుంది.

వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే అంత లోతు మునగవచ్చని కాదు. చేతులు కడిగితే పడే చినుకుల వరకే దాని భరోసా. పైపు పగిలి ఒత్తిడితో చిమ్మే నీళ్లు ఆ హద్దును దాటుతాయి. రబ్బరు వాషర్లు ఏళ్ల తరబడి గట్టిపడతాయి కాబట్టి, కొన్నప్పుడున్న భరోసా పదేళ్ల తర్వాత ఉండదు.

కరెంటు

లోహపు చైను వాచీతో ఇన్వర్టరు బ్యాటరీ వైర్లు బిగించడం ప్రమాదం. బ్యాటరీ 12 వోల్టులే అయినా చైను రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు దాని గుండా పారుతుంది. చైను క్షణాల్లో ఎర్రగా కాగి మణికట్టును కాలుస్తుంది. 230 వోల్టుల స్విచ్‌బోర్డు పనిలోనైతే చైను షాక్‌కు దారి అవుతుంది. ఇక్కడ వాచీ విలువ లెక్క కాదు, వాచీ, ఉంగరం, కడియం తీసి పెట్టడం ప్రాణ రక్షణ.

దెబ్బ తగిలాక

అద్దం పగిలితే కీ బయటికి లాగి వాచీని ఆపాలి. ముళ్లు తిరిగితే గాజు ముక్కలు డయల్‌ను గీస్తాయి. పగిలిన ముక్కలను, ఊడిన మరలను ఒక చిన్న కవరులో దాచాలి. లోపల ఆవిరి పడితే ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయరు పట్టకూడదు, బియ్యం డబ్బాలో పాతిపెట్టకూడదు. లోపల తుప్పు మొదలవడానికి ఎక్కువ కాలం పట్టదు కాబట్టి ఆలస్యం చేయకుండా వాచీ రిపేరుకు ఇవ్వాలి.

దుమ్ము పడిన వాచీని దస్తీతో తుడవడం చాలామంది వెంటనే చేసే పని. అప్పుడు రాతి రేణువులు మెరుగు పెట్టిన లోహం మీద రుద్దుకుని గీతలు పెడతాయి. ముందు ఊది, మెత్తని బ్రష్షుతో దులపాలి. వాచీ నీళ్లకు తట్టుకునేదని ఖాయంగా తెలిస్తే కీ గట్టిగా మూసి మంచినీళ్లతో కడగవచ్చు. బోరు నీళ్లు ఆరాక తెల్లటి మచ్చలు వదులుతాయి.

ఊపితే లోపల గలగలమంటే రోటరు లేదా మర వదులైనట్టు అనుమానించాలి. ఒక్కసారిగా ముందుకు పరుగెడితే అయస్కాంతమో, స్ప్రింగు చుట్లు చిక్కుకోవడమో కారణం. పూర్తిగా ఆగితే ఇరుసు విరిగి ఉండవచ్చు. ఏ సందర్భంలోనూ వెనక మూతను చాకుతో తెరవకూడదు, లోపల నూనె వేయకూడదు. 1960లకు ముందు వచ్చిన కొన్ని విదేశీ వాచీల ముళ్లపై చీకట్లో మెరిసే రేడియం పూత ఉండేది. రేడియం రేడియోధార్మిక శక్తి సగానికి తగ్గడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి పాత వాచీని ఇంట్లో విప్పి గీకడం వాచీకే కాదు, ఊపిరితిత్తులకూ హాని.

ఎవరికి చూపాలి, ఖర్చు ఎవరిది

బ్యాటరీ మార్చడం, బెల్టు వేయడం, పాత హెచ్‌ఎంటీ వాచీల సర్వీసు వంటివి స్థానిక రిపేరు దుకాణాల్లో జరుగుతాయి. ఖరీదైన విదేశీ వాచీకి కంపెనీ గుర్తించిన సర్వీసు కేంద్రం కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఒరిజినల్ విడి భాగాలు స్వతంత్ర దుకాణాలకు తేలిగ్గా అందవు. నకిలీ భాగం వేస్తే వాచీ నడుస్తుంది గానీ అమ్మకపు విలువ పడిపోతుంది. గీతలు పోవాలని కేసును పాలిష్ చేయించడమూ ఆలోచించాల్సిన పనే. పాలిష్ అంటే లోహాన్ని కొంత కోసేయడం. పదేపదే చేస్తే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, పాత వాచీలు కొనేవారు అలాంటి కేసుకు ధర తగ్గిస్తారు.

వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది. పడేసుకున్నా, నీళ్లలో మునిగినా, వేరెవరో విప్పినా సాధారణంగా వర్తించదు. మామూలు గృహ బీమాలు అగ్ని, వరద, దొంగతనం వంటి ఆపదలను దృష్టిలో పెట్టుకుని ఉంటాయి. చేతి నుంచి జారి పగిలిన వాచీకి పరిహారం రావాలంటే విలువైన వస్తువుల ప్రమాద నష్టాన్నీ కలిపే పాలసీ వేరుగా తీసుకోవాలి. రిపేరుకు ఇచ్చేటప్పుడు వాచీ ముందు, వెనక, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, ఉన్న గీతలు, పగుళ్లు రాసిన రసీదు తీసుకోవాలి. మార్చిన పాత భాగాలను వెనక్కి ఇవ్వమని ముందే అడగాలి. దుకాణం నిర్లక్ష్యం వల్ల మరింత నష్టం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు రసీదు, ఫోటోలే ఆధారాలవుతాయి.