గీత కుదిరితేనే నిప్పు

మన జానపద సినిమాల్లో మాంత్రికుడికి నోరే ఆయుధం. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికైనా, ఆ తర్వాత తెరమీదికొచ్చిన గడ్డాల వాళ్లకైనా మాట బయటికొస్తే చాలు, పనైపోతుంది. చేత్తో గీసే మంత్రం మనకు తెలియనిదేం కాదు. రాగిరేకు మీద గడులు గీసి, బీజాక్షరాలు నింపి గుమ్మానికి కట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ఆ గీసేవాడికి తొందర లేదు. స్నానం చేసి, పీట వేసుకుని, తీరిగ్గా కూర్చుంటాడు. ఎదురుగా రాక్షసుడు గద ఎత్తుకుని రాడు.

వస్తున్నప్పుడు గీయాల్సి వస్తే ఎలా ఉంటుందో చూపించిన వీడియో గేమ్ పేరు ‘లాస్ట్‌మ్యాజిక్’. 2006 జనవరిలో జపాన్‌లో విడుదలైంది. తయారీ టైటో కంపెనీది, గరకుటా స్టూడియోది. 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’తో ప్రపంచమంతటా ఆర్కేడ్ల ముందు కుర్రాళ్లను నిలబెట్టింది ఈ టైటోనే. 2006 ఏప్రిల్‌లో యూబీసాఫ్ట్ ‘లాస్ట్‌మ్యాజిక్’ను అమెరికాకు తీసుకెళ్లింది. ఆడాలంటే చేతిలో నింటెండో డీఎస్ ఉండాలి.

డీఎస్ అంటే పుస్తకంలా తెరుచుకునే చిన్న గేమ్ పెట్టె. 2004 చివర్లో వచ్చింది. మూడేసి అంగుళాల తెరలు రెండు, పైనొకటి, కిందొకటి. కింది తెర ముట్టుకుంటే పలుకుతుంది. దానికి తోడు అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ పెన్, స్టైలస్. బటన్లు నొక్కడం అలవాటైన వాళ్లు మొదట్లో దీన్ని చూసి పెదవి విరిచారు. చివరికి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పెన్ ఉంది కాబట్టి దానికో పని కల్పించాలని గేమ్ కంపెనీలన్నీ పడిన తంటాలు ఇన్నీ అన్నీ కావు. చాలావాటిలో ఆ పెన్ బటన్‌కి బదులే. నొక్కేచోట పొడవడం, అంతే. పెన్‌ని పెన్‌లా వాడుకున్నవి తక్కువ.

ఆ తక్కువవాటిలో ‘లాస్ట్‌మ్యాజిక్’ ఒకటి. కథ మామూలే. ఐజాక్ అనే కుర్ర మాంత్రికుడు, చేతిలో మంత్రదండం, ఎదురుగా ‘సంధ్యాదేవి’ అనదగ్గ బిరుదున్న ప్రతినాయిక. కథ కోసం ఈ ఆట ఆడమని ఎవరికీ చెప్పను. ఆడాల్సింది చేతి కోసం. నిప్పు, నీరు, గాలి, మట్టి, వెలుగు, చీకటి అని ఆరు శక్తులు. ఒక్కోదానికి మూడేసి గుర్తులు, మొత్తం 18. వీటిని రూన్‌లంటారు. కథ ముందుకు సాగేకొద్దీ ఒక గుర్తుకు ఇంకోటి జతచేసే విద్య చేతికొస్తుంది. అలా కలుపుకుంటూ పోతే మంత్రాలు వందల్లోకి చేరతాయి. ఏ జతతో ఏం పుడుతుందో గీసి చూసుకోవాల్సిందే. కొన్ని జతలు చప్పగా తేలిపోతాయి, కొన్ని తెరంతా మంటపెడతాయి.

గుర్తు ఎంత శుద్ధంగా గీస్తే మంత్రానికి అంత బలం. వంకర పోతే బలహీనపడుతుంది, మరీ వంకరైతే అసలు పుట్టదు. పైగా మనం గీస్తున్నంతసేపూ యుద్ధం ఆగదు. ఎదుటి సైన్యం నడుస్తూనే ఉంటుంది, మన వాళ్ల మీద దెబ్బలు పడుతూనే ఉంటాయి. తాపీగా ఉన్నప్పుడు చక్కగా వచ్చే త్రిభుజం, ప్రాణం మీదికొచ్చినప్పుడు మూల కలవకుండా మిగిలిపోతుంది. పరీక్ష హాల్లో ఆఖరి పది నిమిషాల చేతిరాత ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అదీ సంగతి. మంత్రం కష్టమైన విద్య అని కథల్లో ఎన్నిసార్లు చదివినా, అది వేళ్లకు తెలిసేది మాత్రం ఇక్కడే.

గీసి ఆడించే ఆలోచన టైటోతో మొదలవలేదు. 2001లో ‘బ్లాక్ అండ్ వైట్’లో మౌస్‌తో గుర్తు గీస్తే అద్భుతాలు జరిగేవి. ఆ మరుసటేడు ‘ఆర్క్స్ ఫటాలిస్’లో గాల్లో రూన్‌లు గీయాల్సి వచ్చేది. అయితే మౌస్‌తో గీత గీయడం సబ్బుబిళ్లతో సంతకం పెట్టడమే. 2005లో డీఎస్ మీదికే వచ్చిన ‘క్యాసిల్‌వేనియా: డాన్ ఆఫ్ సారో’లో పెన్ ఉంది గానీ, దాన్ని ఆఖరి నిమిషంలో పరీక్షలా పెట్టారు. పెద్ద శత్రువు శక్తంతా హరించాక ఒక ముద్ర గీయాలి, తప్పితే వాడు మళ్లీ లేచి కూర్చుంటాడు. గెలిచిన ఆటను గీత తప్పి పోగొట్టుకుంటే కోపం రాక మానదు. ‘లాస్ట్‌మ్యాజిక్’లో ఆ కోపం తక్కువ, ఎందుకంటే అక్కడ గీతే యుద్ధం.

తెరకెలా తెలుస్తుంది?

డీఎస్ కింది తెరలో విద్యుత్తు ప్రసరించే రెండు పారదర్శక పొరలుంటాయి, మధ్యలో సన్నటి సందు. పెన్ నొక్కినచోట పైపొర కిందిపొరను తాకుతుంది. అక్కడి వోల్టేజీని బట్టి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అన్నది యంత్రం లెక్కకడుతుంది. ఒక సమయంలో ఒక్క చుక్కే దానికి తెలుసు. మన గీత దాని దృష్టిలో వరసగా పడిన చుక్కల మూట.

ఆ మూటలోంచి గుర్తును పోల్చుకునే పద్ధతులు చాలా ఉన్నాయి. జాకబ్ వాబ్రాక్, ఆండ్రూ విల్సన్, యాంగ్ లీ 2007లో ప్రచురించిన ‘వన్ డాలర్ రికగ్నైజర్’ చదివితే వాటి తిరకాసు సులువుగా బోధపడుతుంది. వేగంగా గీసినా నెమ్మదిగా గీసినా గీతను 64 సమదూర బిందువులుగా మారుస్తారు. ఒరిగి ఉంటే తిప్పుతారు, చిన్నదైతే సాగదీస్తారు, మధ్యకు జరుపుతారు. ఆపైన దాచిపెట్టుకున్న ఒక్కో నమూనా పక్కన పెట్టి, బిందువుకు బిందువు ఎంత దూరమో కూడతారు. తక్కువ తేడా దేనితో వస్తే అదే గుర్తు.

రూన్‌లు గీసే డిజైనర్‌కి ఒక సుఖం ఉంది. రెండు గుర్తులు ఒకేలా అనిపిస్తే ఒకదాన్ని మార్చేయొచ్చు. అక్షరాలకు ఆ వెసులుబాటు లేదు. ఆ దశాబ్దంలోనే బెంగళూరులోని హెచ్‌పీ ల్యాబ్స్ భారతీయ లిపుల చేతిరాతను గుర్తుపట్టే ‘లిపి టూల్‌కిట్’ తయారుచేసింది, తెలుగు చేతిరాత నమూనాలూ సేకరించింది. తొందరలో రాసిన మ, య పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఇంజినీర్ల అవస్థ అర్థమవుతుంది. ఒత్తులు, గుణింతాల సంగతి సరే సరి.

ఒక్క పెన్, మూడు పనులు

ఇంత మంచి ఆలోచనకు విమర్శకులు వేసిన మార్కులు మాత్రం అంతంతమాత్రమే. కారణం ఉంది. ఇది వ్యూహాల ఆట కూడా. మంత్రంతో బంధించి తెచ్చుకున్న జంతువుల్ని సైన్యంగా నడపాలి. ఆ ఆజ్ఞలూ పెన్‌తోనే ఇవ్వాలి. ఐజాక్‌ని నడిపించేదీ ఆ పెన్నే, మంత్రం గీసేదీ ఆ పెన్నే. ఇరుకు దారిలో సైన్యం ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, సర్దేలోపు మంత్రం వేసే అదను దాటిపోతుంది. గీసేటప్పుడు కాలం ఆపేసి ఉంటే ఆట సులువయ్యేది. అప్పుడు అందులో పస కూడా పోయేది. నన్నడిగితే తగ్గించాల్సింది సైన్యాన్ని.

ఈలోగా కాలం మారింది. 2007 జనవరిలో ఐఫోన్‌ని పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ స్టైలస్‌ని వేదిక మీదే వెక్కిరించాడు. వేలికి స్పందించే తెరలు రాజ్యమేలాయి. వేలితో ఇలాంటి ఆట ఆడితే గీస్తున్న గీతను వేలే కప్పేస్తుంది. ఎదుటి మాంత్రికుడితో ఇంటర్నెట్‌లో తలపడే సదుపాయాన్ని నింటెండో 2014 మే నెలలో మూసేసింది. డీఎస్ కార్డులు నడిచే ఆఖరి పెట్టె 3డీఎస్ తయారీ 2020లో ఆగింది. కొత్త పెట్టెలు వేటిలోనూ ఆ కార్డు పట్టదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు కింది తెర చూసుకోండి. పెట్టెలోనే ఉండే క్యాలిబ్రేషన్‌లో, పెన్ పెట్టినచోటే చుక్క పడుతుందో లేదో తెలిసిపోతుంది. కొంచెం పక్కకు పడితే మిగతా ఆటలకు ఫర్వాలేదు, దీనికి మాత్రం పనికిరాదు.