పెట్టెమీద వ్రాయని వెల



2025వ సంవత్సరం వేసవిలో మా అక్కయ్య కుటుంబాన్ని చూడడానికి నేను అమెరికా వెళ్లాను. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి ఆనుకొని ఉన్న ప్లేనోలో వారి కాపురం. ఒక శనివారం ఉదయం పదమూడేండ్ల నా మేనల్లుడు, "మామయ్యా, ఈ రోజు నీవు కూడా మాతో షాపుకు రావాలి" అని చెయ్యి పట్టుకొని లాగాడు. రెండేండ్లుగా పుట్టినరోజులకు పెద్దలిచ్చిన డబ్బు, వీధిలో వారి కార్లు కడిగి సంపాదించిన డబ్బు ఒక డబ్బాలో దాచుకున్నాడు. ఆ డబ్బుతో ఏదో ఆటవస్తువు కొనబోతున్నాడని మాత్రమే నాకు తెలుసు.

వాడు కొన్నది నింటెండో స్విచ్ 2 అనే వీడియోగేమ్ యంత్రం. పలకంత ఉంటుంది. చేతిలో పట్టుకొని ఆడవచ్చు, టీవీకి తగిలించీ ఆడవచ్చు. అది ఆ ఏడాది జూన్ 5న విడుదలైంది. అప్పట్లో దానితోపాటు మారియో కార్ట్ వరల్డ్ అనే బండ్ల పందెపు ఆటను కూడా కలిపి ఒకే పెట్టెగా అమ్మేవారు.

నేను పల్లెలో పుట్టి పెరిగినవాడిని. సంతలో బేరం చూచినట్లే ఆ పెట్టెను అటూ ఇటూ త్రిప్పి చూచాను. అప్పటి ధర యంత్రం ఒక్కటే అయితే 449 డాలర్ల 99 సెంట్లు. ఆట విడిగా కొంటే 79 డాలర్ల 99 సెంట్లు. రెండూ కలిపిన పెట్టె 499 డాలర్ల 99 సెంట్లు. అంటే కలిపి కొన్నవారికి ముప్పై డాలర్లు మిగులు. "మంచి బేరమేరా" అన్నాను. బిల్లు దగ్గర 8.25 శాతం సేల్స్ టాక్సు పడి 541 డాలర్లు దాటింది. అప్పటి మన డబ్బులో ఇంచుమించు 46 వేల రూపాయలు! నా నోట మాట రాలేదు. టాక్సు డబ్బు మా బావగారు ఇచ్చారు.

తిరిగి వస్తుండగా మేనల్లుడు అన్న మాట నన్ను మరింత ఇరుకున పెట్టింది. "మామయ్యా, నా పాత స్విచ్ ఇంక నాకు అక్కరలేదు. ఊళ్లో బావకు తీసుకెళ్లు." బావ అంటే మా అబ్బాయి. వాడికి పదకొండేండ్లు. వాళ్లమ్మ ఫోనులో ఏదో ఉచితంగా వచ్చే కారు పందెం ఆడుతుంటాడు. రెండు నిమిషాల ఆటకు ఒక ప్రకటన వస్తుంది. క్రొత్త కారు కావాలంటే డబ్బు కట్టమంటుంది. ఫోను లాక్కుంటే ఏడుపు, ఇస్తే చదువు పోవడం. ఈ తగవు మా ఇంట్లోనే కాదు, మా సంఘంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదని గృహదర్శనాల్లో చూస్తూనే ఉన్నాను.

యంత్రం వచ్చింది, ఆట రాలేదు

ఆ పాత యంత్రం మొదటి తరం స్విచ్. అది 2017 మార్చి 3న మార్కెట్టులోకి వచ్చిన రకం. దానినీ మా బావగారు థాంక్స్‌గివింగ్ పండుగ మరునాటి శుక్రవారపు అమ్మకాల్లో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే పందెపు ఆటతో కలిపి 299 డాలర్ల 99 సెంట్లకు కొన్నారట. "అయితే ఆట కూడా వస్తుందన్నమాట" అని సంతోషించాను. మేనల్లుడు తల గోక్కున్నాడు.

"రాదు మామయ్యా. అది కార్డు కాదు, కోడు."

విషయమేమంటే, ఈ యంత్రాలకు ఆటలు ఎక్కువగా రెండు విధాలుగా దొరుకుతాయి. ఒకటి గోరంత చిన్న కార్డు. యంత్రంలో పెడితే ఆట ఆడుతుంది, తీసి మరొకరికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. పసిపిల్లలు మింగకుండా దానికి చేదు పూత కూడా పూస్తారు. రెండవది డౌన్‌లోడ్. కోడు కొట్టి ఇంటర్నెట్టు ద్వారా దించుకోవాలి. అలా దించుకున్న ఆట యంత్రానికి కాక, కొన్నవాని ఖాతాకు కట్టుబడి ఉంటుంది. యంత్రాన్ని దానమిచ్చినా ఆట దానితో రాదు. పాత పెట్టెలోనూ, 2025లో వచ్చిన క్రొత్త పెట్టెలోనూ ఇచ్చింది ఈ డౌన్‌లోడ్ ఆటనే.

యంత్రంతో ఆటను కలిపి అమ్మడం క్రొత్త పద్ధతి కాదు. ఇదే కంపెనీ 1889లో జపానులోని క్యోటోలో పేకముక్కలు తయారుచేయడానికి మొదలైంది. 1989లో అమెరికాలో గేమ్ బాయ్ అనే చేతి యంత్రాన్ని అమ్మినప్పుడు, మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కనిపెట్టిన టెట్రిస్ ఆటను అదే పెట్టెలో పెట్టి ఇచ్చింది. యంత్రం కొని ఇంటికి వెళ్లిన బిడ్డ ఆట లేక ఊరికే కూర్చోకూడదు గదా! అయితే ఆనాడు పెట్టెలో ఉన్నది చేతికి తగిలే వస్తువు. అన్న ఆడి తమ్మునికి ఇచ్చేవాడు. అన్న తొడిగి విడిచిన చొక్కా తమ్మునికి వచ్చినట్లే. డౌన్‌లోడ్ ఆట విషయంలో ఆ సౌకర్యం తగ్గిపోయింది. మన ఇండ్లలో వస్తువులు చేతులు మారుతూనే ఉంటాయి గనుక మనకిది చిన్న సంగతి కాదు.

మన పల్లెలకు మరో ఇబ్బంది కూడా ఉంది. క్రొత్త పందెపు ఆట పరిమాణం 20 జీబీకి పైమాటే. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను రీచార్జితో దానిని దించుకోవాలంటే పది రోజులకు పైగా పడుతుంది, అదీ ఇంట్లో ఎవ్వరూ ఫోను వాడకుండా ఉంటేనే. కార్డు అయితే పెట్టిన వెంటనే ఆడుతుంది.

చివరకు వాడిన మారియో కార్ట్ 8 డీలక్స్ కార్డు ఒకటి వెదకి 42 డాలర్లకు కొన్నాను. ఉచితంగా వచ్చిన యంత్రానికి నా జేబునుండి పోయిన మొదటి సొమ్ము అది. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకోవాలన్న ఉపమానాన్ని ఎన్నోసార్లు బోధించాను. డాలస్ విమానాశ్రయంలో అది నాకే గుర్తుకు వచ్చింది.

కనుక ఎవరైనా బంధువులు "పిల్లవాడికి ఏమి తేవాలి?" అని అడిగితే ముందు ఈ సంగతులు తెలుసుకోండి. పెట్టెలో ఉన్న ఆట కార్డా, కోడా? ఇద్దరు ఆడడానికి మరొక చేతిమీట కొనాలా? (స్విచ్‌కు రెండు పక్కలా ఉండే మీటలు ఊడివస్తాయి. చెరొకటి పట్టుకొని ఇద్దరూ ఆడవచ్చు, దీనికి క్రొత్త ఖర్చు లేదు.) ఇంటర్నెట్టు ద్వారా దూరాన ఉన్నవారితో పోటీపడడానికి చందా కట్టాలి, కాని ఇంట్లోవారు కలిసి ఆడడానికి అక్కరలేదు. దాని చార్జరు 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేస్తుంది గనుక మన కరెంటుకు సరిపోతుంది, కాని అమెరికా ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, వేరే సాకెట్టు కావాలి. ఇక చెడిపోతే మన దగ్గరి పట్టణంలో బాగుచేసేవారు దొరుకుతారన్న నమ్మకం పెట్టుకోవద్దు.

వెనుకబడినవానిని విడువని ఆట

ఆట ఎటువంటిదో చూడకుండా బిడ్డ చేతికి ఇవ్వకూడదని మొదట నేనే ఆడి చూచాను. పన్నెండు బండ్లు మూడు చుట్లు తిరగాలి. దారిలో పెట్టెలుంటాయి. వాటిని తగిలితే ఏదో ఒక వస్తువు దొరుకుతుంది. వెనుకవారి బండి జారడానికి అరటితొక్క, ముందువారిని కొట్టడానికి తాబేటిచిప్ప వంటివి. ఇందులో ఒక విశేషముంది. అందరికంటె ముందున్నవానికి సాధారణంగా అరటితొక్కో నాణెమో దొరుకుతుంది. వెనుకబడినవానికి బండిని దూసుకుపోనిచ్చే గొప్ప సాయం దొరుకుతుంది. అందుచేత పందెం చివరివరకూ ఎవ్వరికీ ఆశ పోదు. మొదటివానికి ధీమా ఉండదు. నీలిరంగు ముళ్ల చిప్ప ఒకటి వెనుకనుండి వచ్చి సరిగ్గా మొదటివానినే కొడుతుంది. నన్ను గీతకు పది గజాల దూరంలో కొట్టింది.

బండి దారి తప్పకుండా యంత్రమే చూచుకొనే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. దాని పుణ్యమా అని డెబ్బది దాటిన మా అమ్మ కూడా మనుమనితో పందెం వేసి ఏడవ స్థానంలో వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో వినబడిన నవ్వు చాలా కాలంగా వినబడలేదు.

మా ఇంటి కట్టుబాటు

అయితే ఆ నవ్వు వారం రోజులే. ఎక్కాలు మానేశాడు. పక్కింటి పిల్లలు వస్తే మీట ఇవ్వక కొట్లాట. ఒకరోజు నా భార్య తెల్లవారుజామున లేచి చూచేసరికి దుప్పటిలో వెలుగు. నాకు కోపం వచ్చింది. యంత్రాన్ని తీసి బీరువామీద పెట్టాను. వాడు ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నాతో మాట్లాడడం మానేశాడు. భోజనం దగ్గర కూడా తల దించుకొని తిని వెళ్లిపోయేవాడు.

పది రోజులు గడిచాక నా భార్యే అడిగింది. "ఎంతసేపు ఆడాలో వాడికి మనం ఎప్పుడైనా చెప్పామా? చెప్పని కట్టుబాటు తప్పాడని శిక్షించామేమో." నాకు జవాబు లేదు.

యంత్రాన్ని క్రిందికి దించాను. కంపెనీవారే ఉచితంగా ఇచ్చే ఒక యాప్ ఉంది. దానిని తల్లిదండ్రుల ఫోనులో పెట్టుకుంటే రోజుకు ఎన్ని నిమిషాలో, రాత్రి ఎన్నింటికి ఆపాలో నిర్ణయించవచ్చు. అరగంట పెట్టాను. మరునాడు మూడవ చుట్టులో, వాడు మొదటి స్థానంలో ఉండగా, కాలం తీరి ఆట ఆగిపోయింది. ఇక ఏడుపు! అప్పుడు వాడే ఒక మార్గం చెప్పాడు. ఈ ఆటలో నాలుగు పందేలు కలిపితే ఒక కప్పు. ఒక్కో కప్పుకు పావుగంట పడుతుంది. "నిమిషాలు వద్దు నాన్నా, కప్పులు లెక్కపెట్టండి. కప్పు అయ్యాక నేనే మూసేస్తాను."

అందరం కూర్చొని ఒక కాగితంమీద వ్రాసుకున్నాము. బడి ఉన్న రోజున ఒక కప్పు, సెలవు రోజున రెండు. హోంవర్కు, కుటుంబ ప్రార్థన అయిన తరువాతే ఆట. పడకగదిలోకి యంత్రం రాకూడదు. పక్కింటి పిల్లలు వస్తే వంతులు. యాప్ కూడా ఉంచాము, కాని కాపలాకు మాత్రమే. చివరన మా అబ్బాయి తన చేతివ్రాతతో ఒక మాట చేర్చాడు: "శనివారం కప్పు నాన్నతో." నేను సంతకం పెట్టాను.

ప్రియులారా, ఆ కాగితం తలుపుకు అంటించి ఉంది. వ్రాసుకున్న నాటినుండి మా అబ్బాయి కట్టుబాటు రెండుసార్లు తప్పాడు. నేను నాలుగుసార్లు తప్పాను. ఒక శనివారం పొరుగూరి కూటం ముగించుకొని రాత్రి పది దాటాక ఇల్లు చేరాను. వాడు వరండాలో కూర్చొని నిద్రకు తూగుతున్నాడు. యంత్రం మూసి ఒడిలో ఉంది. తెరువలేదు. "మీ కప్పు మిగిలి ఉంది నాన్నా" అన్నాడు.

బిడ్డలు యంత్రాలకు బానిసలైపోతున్నారని వేదికలమీద చెప్పే నేను, ఆ రాత్రి ఆ మాట ఎదుట నిలువలేకపోయాను. వాడు ఒంటరిగా ఎంతసేపైనా ఆడగలడు. ఆడలేదు, నాకోసం ఆగాడు. ఆ యంత్రాన్ని నేను విమానంలో మోసుకొని వచ్చింది ఇంట్లో లేని నా వేళలకు బదులుగానేనేమో అన్న సంగతి అప్పుడు నా మనసుకు తగిలింది. ముఖం కడుక్కొని వచ్చి నాలుగు పందేలూ ఆడాను. నాలుగింటిలోనూ ఓడిపోయాను.

కొనవద్దని నేను చెప్పను. కొనగలిగినవారు కొనవచ్చు. అప్పు చేసి మాత్రం కొనవద్దు, బిడ్డ అల్లరి మాన్పడానికి కొనవద్దు. పెట్టెమీద డాలర్లలోనో రూపాయల్లోనో వ్రాసిన ధర ఒక్కసారితో తీరిపోతుంది. వ్రాయని వెల ఒకటి ఉంది. అది వారానికి మీరివ్వగలిగిన ఒక సాయంత్రం. దుకాణానికి వెళ్లకముందే ఆ సాయంత్రం మీ దగ్గర ఉన్నదో లేదో చూచుకోండి. ఉంటే బండ్ల పందెమైనా, వామనగుంటలైనా మీ బిడ్డకు సరిపోతుంది.