పొలము గట్టు - కాంగ్రెసు తీర్మానము

అనకాపల్లి ప్రాంతమున చెఱకు పండించు రైతు ఒంటరిగా బ్రతుకజాలడు. కోసిన చెఱకును నిలువయుంచిన కొలదియు రసము చెడును. కావున కోయువారు, గానుగ ఆడించువారు, పొయ్యి యెగద్రోయువారు, పాకము చూచువారు ఒక్కసారిగా సిద్ధపడి యుండవలెను. ఇరుగుపొరుగుల సాయము లేనిదే బెల్లపు దిమ్మ మండీకి చేరదు. సహకారమను మాట ప్రభుత్వపు కాగితములకు ఎక్కకమునుపే ఇచ్చటి రైతులకు సహకారము తెలియును. 1930వ దశకమున ఏటికొప్పాకలోను, అనకాపల్లిని ఆనుకొనియున్న తుమ్మపాలలోను రైతులు సహకార చక్కెర కర్మాగారములను నెలకొల్పుకొనిరి. దేశములో మొట్టమొదటి సహకార చక్కెర కర్మాగారములలో ఇవి చేరును.

ఈ మాట ముందుగా చెప్పుటకు కారణమున్నది. సహకారమును ఇంత బాగుగా ఎరిగిన ఆంధ్ర రైతాంగమునకు నాయకుడైన ఒక శాసనకర్త, సహకార వ్యవసాయమును ఎదిరించి, తన పక్షమునే విడచి వెళ్ళెను. ఆయన ఆచార్య ఎన్. జి. రంగా. సంవత్సరము 1959. ఆయన ఎదిరించిన కార్యక్రమమును తలకెత్తుకొన్నవారు కాంగ్రెసునకు నూతనముగా అధ్యక్షురాలైన ఇందిరాగాంధీ. ఇచట నేను చెప్పు అధ్యక్షపదవి రాష్ట్రపతి పదవి కాదు, పక్షాధ్యక్షత. అయినను ఆనాడు కేంద్రమునందును, రాష్ట్రములలో ఇంచుమించు అన్నింటను ఆ పక్షమే పాలించుచుండుటచే, దాని అధ్యక్షుని మాట పల్లెటూరి పొలము గట్టు వరకును వినబడుచుండెను.

జరిగిన సంగతి యిది. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ జరిగెను. అప్పటి అధ్యక్షులు ధేబర్ గారు. ఆ సభ వ్యవసాయమును గురించి ఒక తీర్మానము చేసెను. భావికాలమున మన వ్యవసాయము సహకార సమష్టి వ్యవసాయముగా నుండవలెననియు, రైతులు తమ భూములను ఒక్కటిగా కలిపి సేద్యము చేయవలెననియు అందులో చెప్పిరి. భూమిపై రైతు హక్కు అతనిదే. ఫలితములో అతనికి భూమిని బట్టి వాటా వచ్చును. భూమి లేకున్నను కష్టించి పనిచేసినవానికి పనిని బట్టి వాటా వచ్చును. ముందుగా మూడేండ్లలో దేశమంతట సేవా సహకార సంఘములు ఏర్పడవలెను. ఆ సంవత్సరాంతమునకు భూకమతములకు గరిష్ఠ పరిమితి విధించు చట్టములు పూర్తి కావలెను.

మరునెలలోనే ధేబర్ గారి స్థానమునకు ఇందిరాగాంధీగారు వచ్చిరి. అప్పటికి ఆమె వయస్సు 41 సంవత్సరములు. తీర్మానము ఆమె రాకకు పూర్వమే జరిగినది. దానిని ఆచరణమున పెట్టు భారము మాత్రము ఆమెపై పడెను. ఆమె దానిని తన ముఖ్యకార్యముగా చేసికొనిరి.

ఇక రంగాగారి సంగతి. ఆయనను పుట్టుకతోనే మార్పునకు విముఖుడనుకొన్నచో పొరపాటగును. 1900 సంవత్సరమున గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, మద్రాసులో ఆచార్యుడై, ఆ కొలువు వదలి స్వాతంత్ర్యోద్యమమున చేరిరి. జమీందారీ రైతుల పక్షమున పోరాడిరి. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దానికి ప్రథమ ప్రధాన కార్యదర్శి ఆయనయే. అట్టివాడు 1959లో సనాతనవాదుల సరసన ఏల నిలిచెను?

నేను గ్రహించినంతవరకు ఆయన ఆలోచన ఎన్నడును మారలేదు. దున్నువాడు తన భూమికి తానే యజమాని కావలెనన్నదే ఆయన కోరిక. జమీందారు నుండి భూమి రైతుకు రావలెనని తొలుత పోరాడిరి. రైతుకు వచ్చిన భూమి సంఘమునకు పోరాదని పిదప పోరాడిరి. విశాఖపట్టణ మండలమున ఈ రెండవ పోరాటమునకు ఎంత అర్థమున్నదో చూడుడు. ఇచట పెక్కు గ్రామములు జమీందారీలు. మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది 1948లో. తాతలనాటి నుండి ఇతరునికి శిస్తు కట్టిన రైతు, తన పేరిట పట్టా చూచి నిండ పదేండ్లు కాలేదు. అంతలో గట్లు తీసి పొలములు కలుపుకొమ్మనిన, అతడు బెదరుట సహజము గదా.

దీనికి మఱొక భయము తోడయ్యెను. సోవియట్ దేశమున 1929 తరువాత రైతుల భూములను బలవంతముగా కలిపిరి. చీనాలో 1958లో కమ్యూనులు వచ్చెను. ఐచ్ఛికమని మొదలుపెట్టినది నిర్బంధముగా ముగియునని రంగాగారి పక్షమువారు శంకించిరి. నిర్బంధము ఉండదని, రైతు సమ్మతితోనే అంతయు జరుగునని నెహ్రూగారు పలుమార్లు చెప్పిరి. ఆ మాట వీరి శంకను తీర్చలేదు.

రంగాగారు కాంగ్రెసు పార్లమెంటరీ పక్షపు కార్యదర్శిత్వమును వదలిరి. పిదప కాంగ్రెసునే వదలిరి. 1959 జూనులో మద్రాసున రాజాజీ ప్రకటించిన స్వతంత్ర పక్షమునకు ఆయన ప్రథమాధ్యక్షులైరి. ఇచట ఒక విచిత్రమున్నది. కమ్యూనిస్టు మార్గమున పోవుచున్నదని స్వతంత్రులు కాంగ్రెసును నిందించుచున్న ఆ దినములలోనే, కేరళమునందలి కమ్యూనిస్టు ప్రభుత్వమును తొలగింపవలెనని నూతనాధ్యక్షురాలు పట్టుపట్టిరి. జులై 31వ తేదీన ఆ ప్రభుత్వము తొలగింపబడెను.

ఇప్పుడు ఇరుపక్షముల మాటలను తూచి చూతము. తుమ్మపాలలో రైతు కలిపినది చెఱకును, వాటా ధనమును మాత్రమే. పొలమును కలుపలేదు. సంఘము నచ్చకున్న మరుసటి యేడు వరి నాటుకొనవచ్చును, లేదా తన గానుగ తాను ఆడించుకొనవచ్చును. సమష్టి వ్యవసాయమున అట్లు కాదు. గట్టు తీసిన పిమ్మట, బావి ఒకరి చెక్కలోను, పల్లము మఱొకరి చెక్కలోను పడిన పిమ్మట, విడిపోదమనిన ఎవని భూమి ఎచ్చటిదో తేల్చుట కష్టము. కాగితముపై హక్కు నిలిచియుండును, కాలు మోపుటకు చోటు కనబడదు. చేరుటకు స్వేచ్ఛ యున్నదా అని అడిగిన చాలదు, వెలుపలికి వచ్చుటకు స్వేచ్ఛ యున్నదా అనియు అడుగవలెను. రంగాగారి అభ్యంతరమున నాకు తిరుగులేనిదిగా తోచునది ఇదియే.

కాని ఆ వాదమున ఒక లోటు కలదు. గట్టు పోవునని రైతు భయపడెను, గట్టే లేనివాని మాటయేమి? చెఱకు నరకువాడు, పొయ్యివద్ద చెమటోడ్చువాడు పెక్కుచోట్ల భూమిలేని కూలి. నాగపుర తీర్మానము అతనికి పనిని బట్టి వాటా చూపినది. స్వతంత్ర పక్షము భూమిని, కుటుంబమును కాపాడుదుమనెను. భూమి లేని కుటుంబమునకు అంత సూటియైన సమాధానము చెప్పలేదు. చిన్న రైతు భయమును ముందుంచుకొని పెద్ద భూస్వామి తన పరిమితిని తప్పించుకొనజూచుటయు ఉన్నది.

తుదకేమైనది? సమష్టి వ్యవసాయము దేశమున వేరూనలేదు. ఆంధ్రప్రదేశమున భూపరిమితి చట్టము 1961లో ఒకటియు, అంతకంటె గట్టిది 1973లో మఱొకటియు వచ్చెను. స్వతంత్ర పక్షము లోక్‌సభలో 1962న 18 స్థానములును, 1967న 44 స్థానములును గెలిచి, 1974లో వేరొక పక్షమున లీనమయ్యెను. రంగాగారు మరల కాంగ్రెసునకు వచ్చి, 1980లో ఇందిరాగాంధీగారి పక్షముననే గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1995లో పరమపదించిరి. పోరాడిన ఇరువురు ఒకే గూటికి చేరిరి గాని, వారి నడుమనున్న ప్రశ్న తీరలేదు.

క్రొత్తగా అధికారమునకు వచ్చినవారికి త్వరపాటు సహజము. మూడేండ్లు, సంవత్సరాంతము అని గడువులు పెట్టుదురు. చెఱకు పాకమునకు మాత్రము గడువు లేదు. మంట హెచ్చిన మాడును, తగ్గిన గట్టిపడదు. దానిని ఎప్పుడు దింపవలెనో పొయ్యివద్ద నిలిచినవానికే తెలియును. రైతు మేలుకోరి తీర్మానము చేయువారు ముందుగా ఆ రైతునడుగవలెను, అతని ప్రక్కనున్న కూలిని కూడ అడుగవలెను. 1959లో ఒక పక్షము మొదటివానిని అడుగ మరచినది, రెండవ పక్షము రెండవవానిని మరచినది.